తెగులు చల్లే వదిన

మా వదిన ఉద్యోగం తెగులు చల్లడం. ఆ మాట వినగానే కొందరు నవ్వుతారు, కొందరు ఒక అడుగు వెనక్కి వేస్తారు. పెళ్ళయిన కొత్తలో నేను రెండూ చేశాను. ఆవిడ మా ఆయనకి సొంత అక్క. బస్సెక్కి వెళ్ళేంత దూరంలో ఉన్న గోధుమ పరిశోధన ఫారంలో పడుచుతనంలో కూలికి చేరింది, అక్కడే పర్మనెంటయింది, అక్కడే జుట్టు నెరిసింది. లోకంలో రైతులంతా తెగులు పోవడానికి మందు చల్లుతుంటే, ఈవిడ ఏటేటా తెగుల్ని తెచ్చి పచ్చటి పైరు మీద తన చేతుల్తో చల్లేది. కొన్నాళ్ళాగి, అంటుకుందా లేదా అని వెళ్ళి చూసుకునేది. అంటుకోకపోతే ఆ పూట ముద్ద దిగేది కాదు.

"ఇదేం ఉద్యోగం వదినా, విన్నవాళ్ళు ఏమనుకుంటారు?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"చల్లకపోతే ఏ పైరు తట్టుకుంటుందో, ఎలా సాగు చేస్తే తట్టుకుంటుందో ఎలా తెలుస్తుందే పిల్లా? ఎవరో ఒకరు ఆ పాపం మూటగట్టుకోవాలి కదా" అంది.

ఆ పని తీరు నాకు ఆవిడ చెబితేనే తెలిసింది. కోతలైపోయాక, బాగా జబ్బు చేసిన మడుల్లో కొయ్యకాళ్ళు పీకి, ఎండబెట్టి, గోతాల్లో కుక్కి, వాన తగలని షెడ్డులో దాచేది. ఆ గడ్డి మీద గోరుతో రాస్తే గరుకుగా నల్లటి బొడిపెలు తగులుతాయి, గసగసాల కన్నా సన్నం. ఆకుమచ్చ తెగులు పంట లేని కాలమంతా నిద్రపోయేది వాటిలోనే. కొత్త పంట మొలిచి నాలుగాకులు వేశాక, గాలి లేని సాయంత్రం చూసి, ఆ గోతాలు భుజాన వేసుకుని మడి మడికీ తిరిగి గడ్డి చల్లేది. ఒక చోట ఎక్కువా ఒక చోట తక్కువా పడితే ఆ ఏడాది శ్రమంతా వృథా. ఆ మీద సన్నగా నీళ్ళు చిమ్మితే బొడిపెలు నాని పగిలి, కంటికి కనిపించని పొడి లేచి కింది ఆకుల మీద వాలుతుందట. కొన్ని మడుల్లో మాత్రం ఏమీ చల్లరు. వాటిలో కొన్ని దున్నినవి, కొన్ని దున్నకుండా పాత కొయ్యకాళ్ళ మధ్యనే విత్తినవి, కొన్ని పోయినేడు బఠాణీ పండించినవి. ఏ మడిలో ఎంత మచ్చ వచ్చిందో పోల్చి చూడటమే అక్కడివాళ్ళ పని.

తోటి కూలీలు ఆవిడని మచ్చలక్క అనేవాళ్ళు. ఆవిడ దానికీ పలికేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తెగులు చల్లిన చేత్తో వడ్డిస్తే ఎవడు తింటాడు?" అని తనే ముందు నవ్వేసేది.

కానీ శుభ్రం అంటే ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. ఫారం బూట్లు ఫారంలోనే, ఫారం కోటు ఫారంలోనే. అక్కడే తలంటుకుని, దువ్వుకుని, బట్టలు మార్చుకుని గానీ బస్సెక్కేది కాదు. సెలవు రోజున మా ఇంటికొచ్చినా పొలంలో అడుగు పెట్టేది కాదు. గట్టు దగ్గరే నిలబడి, మెడ చాచి చూసి, "బాగుంది తమ్ముడూ" అనేసి ఇంట్లోకి వచ్చేది. నేనైతే చాదస్తం అనుకునేదాన్ని. అంత చాదస్తం పడ్డ మనిషికే ఆ మాట పడింది చూడండి, అదీ నా కడుపుమంట.

మా పొలం సంగతి చెప్పాలి. అది వాలు పొలం. పైనుంచి రోడ్డు దాకా జారుడుబల్లలా ఉంటుంది. మా మామగారి కాలం నుంచీ దున్నడం, వాన రావడం, మట్టి రోడ్డు మీదకి పోవడం, రోడ్డు పనివాళ్ళు వచ్చి తిట్టిపోవడం. ఏటా ఇదే తంతు. పై భాగంలో రాళ్ళు తేలి గోధుమ జానెడెత్తు కూడా ఎదిగేది కాదు. అప్పుడు వదినే చెప్పింది తమ్ముడికి, మా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, టీ చల్లారిపోయేదాకా చెప్పింది.

"దున్నకు. కొయ్యకాళ్ళు అలాగే ఉంచు. వాటి మధ్యనే విత్తు. మట్టి కదలదు, నీళ్ళు ఇంకుతాయి. కానీ ఒక్కటి గుర్తు పెట్టుకో. కొయ్యకాళ్ళు ఉంచినవాడు గోధుమ మీద గోధుమ వెయ్యకూడదు. ఒక ఏడు గోధుమ, ఒక ఏడు బఠాణీ. ఆకుమచ్చ ఆ కొయ్యకాళ్ళలోనే కాపురం ఉంటుంది. దానికి తిండి దొరక్కుండా ఒక ఏడు గడిపేస్తే చాలావరకు చస్తుంది."

నేను పొయ్యి దగ్గర నిలబడి రెండూ విన్నాను. మా ఆయన ఒక్కటే విన్నాడు. దున్నక్కర్లేదు అన్న మాట ఆయన చెవికి ఎంత ఇంపుగా తగిలిందంటే, రెండో మాటకి చోటు మిగల్లేదు. డీజిలు ఖర్చు లేదు, నడుం నొప్పి లేదు. బఠాణీ అంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మంట. కొనేవాడు ఇంటికి రాడు, మనమే వేరే ఊరికి మోసుకెళ్ళాలి. పైగా, "గోధుమ రైతు గోధుమ వేస్తాడు గానీ గింజలు ఏరుకుంటాడా?" అని ఒక రోషం. ఏం రోషమో. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మొదట్లో బాగానే సాగింది. మట్టి ఆగింది. వానపాములు కనిపించాయి. రోడ్డు పనివాళ్ళు రావడం మానేశారు. మా ఆయన ఈ దున్నని సేద్యాన్ని తనే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకు తిరిగాడు. అక్క చెప్పిందని ఒక్కచోట కూడా అనలేదు. వదిన వింటూ ఊరుకునేది. "వాడు చేస్తున్నాడు కదా, ఎవరు చెబితేనేం?" అనేది. వచ్చినప్పుడల్లా "ఈసారి బఠాణీ వెయ్యి తమ్ముడూ" అని ఒకసారి అనేది, "వచ్చే ఏడు చూద్దాంలే అక్కా" అని ఆయన అనేవాడు. ఆ వచ్చే ఏడు రానేలేదు.

తరవాత ఒక ఏడు వాన వదల్లేదు. పైరు మోకాలెత్తు ఉండగా కింది ఆకులు పసుపుబారాయి. పైరుకి ఎరువు చాలలేదు కాబోలనుకుని మా ఆయన యూరియా చల్లాడు. ఆ పసుపు తగ్గలేదు. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి ఆకు మీదా చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు, నడుమ నల్లచుక్క, చుట్టూ పసుపు అంచు. అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఆకు కొస నుంచి ఎండుకుంటూ, పైకి పైకి ఎక్కి, కంకి కింద ఉండే పోటాకు దాకా వచ్చేశాయి. పోటాకు పోతే గింజకి పాలుపోసేవాడు లేడు. ఆ ఏడు మా గింజలు తూర్పారపడుతుంటే పొట్టుతో పాటు ఎగిరిపోయాయి.

సరిగ్గా అప్పుడే ట్రాక్టరాయన నోరు విప్పాడు. ఊళ్ళో అందరికీ అద్దెకి దున్నిపెట్టేది ఆయనే. మేం దున్నడం మానేసిన దగ్గర్నుంచీ మా మీద గుర్రుగా ఉన్నాడు. గట్టు మీద నిలబడి, గడ్డం గోక్కుంటూ, "మీ అక్క చేసే పని ఏంటన్నావు? తెగులు చల్లడమే కదా. వారం వారం వస్తూ పోతూ ఉంటుంది కదా" అన్నాడు. అంతే. నిప్పు పెట్టి తన దారిన తను పోయాడు.

మా ఆయన ఇంటికొచ్చి చేతులు కూడా కడుక్కోలేదు. "మా అక్క బట్టలకి అంటుకుని వచ్చింది" అన్నాడు.

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? నాకు బుర్ర లేదా? ఊళ్ళో ఇంకెవరి పొలంలోనైనా ఇంతగా వచ్చిందా?"

"ఊళ్ళో ఇంకెవరు కొయ్యకాళ్ళలో గోధుమ మీద గోధుమ వేశారండీ? ఆవిడ చెప్పింది నేను విన్నాను. బఠాణీ వెయ్యమంది."

"నువ్వు ఆవిడ పక్షమా?"

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనేశాను కూడా. ఆ రోజు ఇంట్లో కంచాలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి.

ఇదంతా మామూలు రోజుల్లో అయితే నాలుగు రోజుల్లో చల్లారిపోయేది. కానీ వదినకి ఆ ఏడే ఉద్యోగం దిగిపోయే ఏడు. ఫారం వాళ్ళిచ్చిన ఒంటిగది ఖాళీ చెయ్యాలి. మొదట్నుంచీ అనుకున్నదేమిటంటే, దిగిపోయాక ఆవిడ మా ఇంటికొచ్చి వెనక గదిలో ఉంటుందని. మా అత్తగారు పోతూ పోతూ తమ్ముడి చేత మాట తీసుకుంది. వదిన ఆ గదికి సున్నం వేయించుకుంది, తూర్పు గోడకి కిటికీ పెట్టించుకుంది. నిజం చెప్పొద్దూ, ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు, ఒక మొగుడితోనే వేగలేకపోతున్నాను, ఇంకో అర్ధం ఎక్కడ తెచ్చుకోను అని నాకూ మొదట్లో గుబులుగానే ఉండేది. కానీ ఆ మనిషికి వేరే చోటు లేదు. ఎక్కడికి పోతుంది?

మా ఆయన ఆ గదిలో ఎరువు బస్తాలు సర్దేశాడు. కిటికీకి అడ్డంగా కూడా పేర్చాడు. వదిన ఫోను చేస్తే, "రావొద్దక్కా. నువ్వు వస్తే నా పొలం ఉండదు" అని ఒక్క మాట అని పెట్టేశాడు. అవతల ఆవిడ ఏమందో నాకు తెలియదు. ఏమీ అనే వ్యవధి ఇవ్వలేదు.

ఆ వారం నేనే బస్సెక్కి ఫారానికి వెళ్ళాను. ఆవిడ గదిలో సామాను అప్పటికే మూటలు కట్టి ఉంది. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి మేకులు. మంచం మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది. గడ్డి దుమ్ముతో ఏళ్ళ తరబడి పట్టిన దగ్గు, మాట మాటకీ అడ్డం వస్తోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూర్చుంది.

"అలిసిపోయానే పిల్లా" అంది. నేను ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.

కాసేపయ్యాక నన్ను మడుల దగ్గరికి తీసుకెళ్ళింది. ఆలస్యంగా విత్తిన పంట, ఇంకా కోతకి రాలేదు. తను గడ్డి చల్లిన మడులు కాదు, ఏమీ చల్లని మడులు చూపించింది. దున్నకుండా, గోధుమ కొయ్యకాళ్ళలో మళ్ళీ గోధుమ వేసిన మడి ముందు నిలబడితే నాకు మా పొలంలో నిలబడ్డట్టే ఉంది. అదే ఎండిన ఆకు, అదే తాలు కంకి. దాని పక్కనే, దున్నకుండానే, కానీ పోయినేడు బఠాణీ వేసిన మడి. కింది ఆకుల మీద ఏవో నాలుగు మచ్చలున్నాయి గానీ పోటాకు నిగనిగలాడుతోంది. ఆ రెండింటికీ మధ్య నడవడానికి కాలిబాట ఒక్కటే అడ్డం.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆయన్ని ఇక్కడికి లాక్కొస్తాను వదినా. కళ్ళారా చూస్తే ఇంకేం అంటాడు?"

వదిన తల అడ్డంగా ఊపింది. "చూస్తాడు. ఏమీ అనలేడు. అనలేక ఇంటికెళ్ళి తలుపు ఇంకా గట్టిగా వేసుకుంటాడు. మా తమ్ముడు నాకు తెలీదా? చిన్నప్పుడు గోళీలాటలో ఓడిపోతే, గెలిచినవాడితో నెలల తరబడి మాట్లాడేవాడు కాదు. వాణ్ణి గెలిచి వాడింట్లో ఉండటం కుదరదే."

"మరెలా?"

"చూద్దాం" అంది. మడి గట్టున ఒక ఎండిన ఆకు తుంచి, చూసి, మళ్ళీ ఆ మడిలోనే పడేసింది.

ఆవిడ ఏం చూసిందో నాకు విత్తనాల కాలం ముందు తెలిసింది. ఒక ఉదయం బస్సు దిగి, చేతిలో ఒక్క సంచీతో వచ్చి, గుమ్మం బయటే నిలబడింది. మా ఆయన లోపల టీ తాగుతున్నాడు. నేను రమ్మంటే రాలేదు.

"తమ్ముడూ, నువ్వన్నదే నిజం" అంది. "ఆలోచించి చూశాను. నా సంచీకి అంటుకుని ఉంటుంది. లేకపోతే జుట్టుకి. నేనే తెచ్చాను."

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మా ఆయన ముఖం చూడాలి మీరు. ఆ ఏడు పంట పోయిన దగ్గర్నుంచీ ముడుచుకుపోయిన ముఖం ఒక్కసారి విచ్చుకుంది. లేచి వచ్చి, "పోనీలే అక్కా, కావాలని చేశావా ఏంటి? చేసిన పాపం చెబితే పోతుందన్నారు. లోపలికి రా" అన్నాడు. ఎంత ఉదారం! ఎంత పెద్ద మనసు! నాకు ఆ గిన్నె ఎక్కడ విసరాలో తెలియలేదు.

వదిన ఇంకా లోపలికి రాలేదు. "ఒక్క మాట. నేను తెచ్చిన తెగులు నీ కొయ్యకాళ్ళలో కూర్చుంది. అది పోవాలంటే ఈ ఏడు అక్కడ గోధుమ పడకూడదు. బఠాణీ వెయ్యి. నా కోసం వెయ్యి. నా తప్పు కడుక్కున్నట్టు ఉంటుంది."

"ట్రాక్టరాయన దున్నించెయ్యమంటున్నాడు. మొత్తం మట్టి కింద పడిపోతుంది అంటున్నాడు."

"దున్నితే తెగులు కిందకి పోతుంది, నిజమే. నీ మట్టి రోడ్డు మీదకి పోతుంది. బఠాణీ అయితే తెగులూ పోతుంది, మట్టీ నిలుస్తుంది."

ఆయన కాసేపు ఆలోచించి, అక్క తప్పు కడగడానికి ఒప్పుకున్నాడు. సొంత పొలం కోసం చెయ్యని పని, అక్కని క్షమించడానికి చేశాడు. ఆ సాయంత్రమే ఎరువు బస్తాలు గదిలోంచి తీయించాడు.

అలా వదిన మా వెనక గదిలోకి వచ్చింది. మేమిద్దరం గది తుడుస్తున్నప్పుడు నేను ఆపుకోలేక, "ఎంత పని చేశావు వదినా! బతుకంతా ఒక్క పోచ కూడా ఇటు తేలేదే నువ్వు!" అన్నాను.

"నోరు మూసుకో పిల్లా" అంది మెల్లగా. "ఉండటానికి గది, వాడికి బఠాణీ. ఇంకేం కావాలి?" మంచం మీద పడుకుని, ఆ కిటికీలోంచి వెలుగు మీద పడుతుండగానే నిద్రపోయింది. పగటిపూట ఆవిడ నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

బఠాణీ వేశాం. తిట్టుకుంటూనే వేశాడు, తిట్టుకుంటూనే అమ్మాడు. ఆ మరుసటి ఏడు గోధుమ వేస్తే, అబ్బ, ఏం పంట! ఎక్కడో అక్కడక్కడా మచ్చ తప్ప పోటాకులు చివరిదాకా పచ్చగా నిలిచాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆగిన ప్రతివాడికీ మా ఆయన కథ మొదలుపెట్టేవాడు. "మా అక్క ఫారం నుంచి తెచ్చేది తెగులు. ఆవిడ ఉద్యోగం మానేసింది, తెగులు మానేసింది. చూశారా!" ట్రాక్టరాయన పక్కనే నిలబడి, "నేను ఆనాడే చెప్పాను" అనేవాడు. బఠాణీ మాట ఎవడూ ఎత్తడు. బఠాణీకి నోరు లేదు పాపం.

ఒక్కోసారి వాళ్ళని ఇంట్లోకి తెచ్చి, వదిన ముందే చెప్పేవాడు. "ఏం అక్కా, అంతేనా?" అని అడిగేవాడు కూడా.

"అంతే తమ్ముడూ" అనేది ఆవిడ, చేతిలోని కుట్టు మీంచి తల ఎత్తకుండా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. బతుకంతా ఏ మచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసి చెప్పడమే పనిగా బతికిన మనిషి, తెలిసి తెలిసి తప్పుడు లెక్కకి తలూపుతూ కూర్చుంది. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఆవిడ కూర్చున్న వైపు కాస్త ఎడంగా జరిగి వెళ్ళేవాళ్ళు. అది నేను చూశాను, ఆవిడా చూసింది. ఆ గదికి ఆవిడ కడుతున్న అద్దె అదీ.

అసలు చిక్కు విత్తనాల కాలంలో వచ్చింది. మా ఆయన హుషారుగా గోధుమ విత్తనం బస్తాలు దింపించాడు. ఇంత బాగా పండాక మళ్ళీ గోధుమ కాక ఇంకేం వేస్తాడు? తెగులు తెచ్చే అక్క ఇంట్లోనే ఉంది, ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?

వదిన బస్తాలు చూసింది. ఆ పూట భోజనం చెయ్యలేదు. సాయంత్రం ఆయన పెరట్లో విత్తే యంత్రానికి నూనె పెడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది. నేను వాకిట్లో బట్టలు తీస్తున్నాను.

"తమ్ముడూ, ఆ కొయ్యకాళ్ళలో గోధుమ వెయ్యొద్దు. మళ్ళీ వస్తుంది."

"ఎక్కణ్ణుంచి వస్తుంది? నువ్వు మానేశావు కదా."

"నేను తేలేదురా. ఎప్పుడూ తేలేదు. నీ కొయ్యకాళ్ళలోంచే వచ్చింది. బఠాణీ వేశావు కాబట్టి పోయింది. నేను ఆ రోజు అబద్ధం చెప్పాను."

ఆయన నూనె డబ్బా కింద పెట్టాడు. "ఎందుకు చెప్పావు?"

"గది కోసం చెప్పాను."

"మరి ఇప్పుడు దేని కోసం చెబుతున్నావు?"

వదిన నోరు తెరిచేసరికి దగ్గొచ్చింది. ఆయన మళ్ళీ డబ్బా అందుకుని, "అప్పుడు చెప్పింది అబద్ధం అంటావు, ఇప్పుడు చెప్పేది నిజం అంటావు. నేను ఏది నమ్మాలక్కా? పోయి పడుకో" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

నేను ఊరుకోలేదు. బట్టలు అక్కడే పడేసి వచ్చి, ఫారంలో నేను చూసిన రెండు మడుల సంగతి ఆయన ముఖాన చెప్పాను. వంటింట్లో అక్క చెప్పిన రెండో మాట గుర్తు చేశాను. గోళీలాట సంగతి కూడా అన్నాను. "ఇద్దరూ కలిసి నాకు నేర్పుతారా?" అని యంత్రం తోలుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ కొయ్యకాళ్ళ మధ్యనే, గోధుమ మీద గోధుమ వేశాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడు.

ఆ తరవాత వదిన మాట్లాడటం తగ్గించేసింది. "నా మాటకి ఉన్న విలువంతా ఒకేసారి ఖర్చు పెట్టేశానే పిల్లా. ఇంక చేతిలో ఏమీ లేదు" అంది ఒకసారి, రొట్టె తుంచి తినకుండా పక్కన పెడుతూ. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఆవిడ ముందే. ఆవిడ నా వీపు నిమిరి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పింది.

పైరు ఎదుగుతున్నప్పుడు వాన పట్టుకుంది. పొద్దస్తమానం చినుకు. ఆకులు ఆరేదే లేదు. మా ఆయన రోజూ పొలానికి వెళ్ళి వస్తున్నాడు, వచ్చి ఏమీ చెప్పడం లేదు. ట్రాక్టరాయన దారిలో పలకరిస్తే పని ఉన్నట్టు జోరుగా నడిచి వచ్చేస్తున్నాడు. నాకు అర్థమైపోయింది. అడిగితే ఎక్కడ మీద పడతాడో అని అడగలేదు. వదినా అడగలేదు.

వాన కాస్త తెరిపిచ్చిన రోజు, మధ్యాహ్నం, మేమిద్దరం వెనక గదిలో దుప్పటికి అతుకు వేస్తున్నాం. ఆయన బురద కాళ్ళతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఆ గది గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. పిడికిలి బిగించి ఉంది. నేను సూది కింద పెట్టాను. ఆవిణ్ణి ఒక్క మాటన్నా ఆ రోజు ఈ ఇల్లు ఉండేది కాదు.

"ఏదీ, ఇలా ఇవ్వు" అంది వదిన.

పిడికిలి తెరిచాడు. నలిగిన ఆకు. ఆవిడ దాన్ని మోకాలి మీద పరిచి, బొటనవేలితో సాపు చేసి, వెలుగుకి తిప్పి చూసింది. గోధుమరంగు మచ్చ, నడుమ నల్లచుక్క, చుట్టూ పసుపు.

"ఇది కిందాకు. పై ఆకుకి ఎక్కిందా?"

"ఎక్కింది."

"పోటాకు?"

"ఇంకా లేదు. వాన ఆగితే..." అని ఆగిపోయాడు.

చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. వదిన ఆకుని ఆయన చేతిలో మళ్ళీ పెట్టి, ఆ వేళ్ళు మూసింది.

"నేనే తెచ్చానని చెప్పుకో తమ్ముడూ" అంది. "ట్రాక్టరాయనకీ చెప్పు, దారిన పోయేవాళ్ళకీ చెప్పు. నన్నడిగితే అవునంటాను. వచ్చే ఏడు మాత్రం బఠాణీ వెయ్యి."

పెళ్ళయ్యాక మా ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది ఆ రోజే.

"నువ్వు ఫారం గడప తొక్కి ఎన్నాళ్ళయిందక్కా" అన్నాడు. "ఇప్పుడు చెబితే ఎవడు నమ్ముతాడు?"

అని, ఆ గుమ్మంలోనే కూలబడ్డాడు.